గూగుల్ ఇన్‌బాక్స్ వాడినవాళ్లు ఉన్నారా? అందులోవి జీమెయిల్‌లోకి ఇప్పటికీ ఎందుకు రాలేదు?

గోదారిగట్టు
జీమెయిల్ తెరిస్తే చిరాకొస్తోంది. కరెంటు బిల్లు, బ్యాంకు స్టేట్‌మెంటు, పిల్లల స్కూలు సర్క్యులరు, చొక్కాల ఆఫరు, ఆఫీసు మీటింగు, అన్నీ ఒకే వరసలో వచ్చి కూర్చుంటాయి. చూసి వదిలేయాల్సింది ఏది, నేను పని చేయాల్సింది ఏది అని ప్రతిసారీ నేనే ఏరుకోవాలి.

గూగుల్ వాళ్లదే "ఇన్‌బాక్స్ బై జీమెయిల్" అని ఒకటుండేది. 2014 అక్టోబరు 22న మొదలుపెట్టారు. మొదట ఆహ్వానం ఉన్నవాళ్లకే ఇచ్చారు, 2015 మే నెలాఖరు నుంచి అందరికీ తెరిచారు. 2019 ఏప్రిల్ 2న మూసేశారు. మెయిల్ ఖాతా అదే, మెయిల్స్ అవే, చూపించే తీరు మాత్రం పూర్తిగా వేరు. అది వాడినన్నాళ్లూ మెయిల్ అంటే నాకు టెన్షన్ ఉండేది కాదు.

అందులో జనానికి బాగా నచ్చినవి జీమెయిల్‌లోకి తెస్తామని మూసేటప్పుడు చెప్పారు. నాకు కావలసినవి మాత్రం రాలేదు. వాడినవాళ్లు ఉంటే చెప్పండి, మీకు ఏది లోటుగా ఉంది? ఇప్పుడు దేనితో నెట్టుకొస్తున్నారు?

కోడ్_కాకి
స్నూజ్, అంటే మెయిల్‌ని తర్వాతకి వాయిదా వేయడం, వచ్చింది. రెడీమేడ్ జవాబులు సూచించే స్మార్ట్ రిప్లై వచ్చింది. మౌస్ పెట్టగానే ఆర్కైవ్, డిలీట్ బటన్లు కనిపించడం వచ్చింది. 2018 ఏప్రిల్‌లో జీమెయిల్ కొత్త రూపం ఇచ్చినప్పుడు చాలావరకు అక్కడినుంచి తెచ్చినవే. ఇంకేం మిగిలాయి అన్నా?

లక్ష్మీ_వైజాగ్
అసలుదే మిగిలిపోయింది కాకి గారూ. బండిల్స్.

వాడనివాళ్ల కోసం చెప్తాను. కొన్న వస్తువుల మెయిల్స్ అన్నీ "పర్చేజెస్" అని ఒక కట్టగా, బ్యాంకువి "ఫైనాన్స్" అని ఇంకో కట్టగా, ప్రయాణాలవి "ట్రిప్స్" అని మరో కట్టగా వాటంతటవే చేరేవి. మనం ఏ ఫిల్టరూ రాయక్కర్లేదు. ఆ కట్ట ఇన్‌బాక్స్‌లో ఒక్క వరసగా కనిపిస్తుంది. నొక్కితే అక్కడే విచ్చుకుంటుంది, వేరే పేజీకి వెళ్లదు. చూసేశాక కట్ట పక్కనున్న టిక్ నొక్కితే మొత్తం ఒక్కసారిగా పోతుంది. అందులో ఒక మెయిల్ ఉంచుకోవాలనుకుంటే దానికి పిన్ పెడితే చాలు, అది తప్ప మిగతావన్నీ వెళ్లిపోతాయి.

జీమెయిల్‌లో ఉన్న ట్యాబ్‌లు దీనికి సాటి రావు. ప్రమోషన్స్ ట్యాబ్‌లో ఏముందో చూడాలంటే నేను అక్కడికి వెళ్లాలి. వెళ్లకపోతే మర్చిపోతాను. బండిల్ అయితే నేను చూసే వరసలోనే, కాలక్రమంలో తన చోట తను ఉండేది.

డల్లాస్_దేశి
లక్ష్మి గారు చెప్పిన ట్రిప్స్ బండిల్ కోసమే నేను ఇన్‌బాక్స్‌కి మారాను. ఇండియా వచ్చేటప్పుడు మాకు ఎన్ని మెయిల్స్ ఉంటాయో తెలిసిందే కదా. డల్లాస్ నుంచి హైదరాబాద్‌కి టికెట్టు, మధ్యలో దిగే ఊళ్లో హోటలు, ఇక్కడ ఎయిర్‌పోర్టు పార్కింగు, అక్కడ కారు. ఒక్కొక్కటి ఒక్కో నెలలో బుక్ చేస్తాం. అవన్నీ తేదీల ప్రకారం ఒకే కట్టలో, ఊరి పేరుతో, పైన ఫొటోతో వచ్చేవి. మెయిల్ తెరవకుండానే ఫ్లైటు టైము బయటే కనిపించేది. హైలైట్స్ అనేవాళ్లు దాన్ని. కొరియర్ ఎక్కడిదాకా వచ్చిందో కూడా అలాగే కనిపించేది.

మా అమ్మానాన్నల్ని పిలిపించినప్పుడు వాళ్ల టికెట్లు నా మెయిల్‌కే వచ్చాయి. చెకిన్ కౌంటరు దగ్గర నాన్న ఫోన్ చేసి "బుకింగ్ నంబరు అడుగుతున్నారురా" అంటే వెతుక్కోకుండా చదివి చెప్పగలిగాను.

గూగుల్ ట్రిప్స్ అని విడిగా ఒక యాప్ ఉండేది కదా, ఇన్‌బాక్స్ పోతే అదైనా ఉందిలే అనుకున్నా. అదీ అదే సంవత్సరం ఆగస్టులో పోయింది.

నిజాంపేట_నివాసి
నేను ఒప్పుకోను. పోయినదాన్ని అందరూ పొగుడుతున్నారు కానీ, దాని ఇబ్బందులు దానికి ఉండేవి.

స్క్రీన్ నిండా ఖాళీ స్థలం. ల్యాప్‌టాప్‌లో ఒకేసారి కనిపించే మెయిల్స్ గుప్పెడు. రోజంతా మెయిల్ మీదే పనిచేసేవాళ్లకి అది కుదరదు. చదవని మెయిల్స్ ఎన్నున్నాయో అంకె చూపించేది కాదు. ఫిల్టర్లు సరిగ్గా పెట్టుకోవాలంటే మళ్లీ జీమెయిల్‌కే వెళ్లాలి. మొదట్లో కంప్యూటర్‌లో క్రోమ్ ఉంటేనే తెరుచుకునేది, ఫైర్‌ఫాక్స్, సఫారీ వాళ్లు ఆగాల్సి వచ్చింది. సంతకం పెట్టుకునే సౌకర్యం కూడా 2015లో అందరికీ తెరిచినప్పుడు ఇచ్చారు.

బండిల్స్ సంగతి కూడా. ఏ మెయిల్ ఏ కట్టలో పడాలో నిర్ణయించేది యంత్రం. ఒక బండిల్‌ని "రోజుకొకసారి చూపించు" అని పెడితే ఉదయం 7 గంటలకే బయటికొస్తుంది. "వారానికొకసారి" అంటే సోమవారం ఉదయం 7కి. అవసరమైన మెయిల్ పొరపాటున అందులో పడితే అప్పటిదాకా మీకు తెలియదు.

గోదారిగట్టు
నివాసి గారు, ఖాళీ స్థలం మాట నిజం, దానికి కాదనను. రోజుకొకసారి అనేది మాత్రం మనం పెట్టుకుంటేనే. ముందే వచ్చేది "వచ్చినప్పుడే చూపించు" అని. నేను ఆఫర్లకి వారానికొకసారి పెట్టుకున్నాను, బ్యాంకుకి ఎప్పుడూ పెట్టలేదు. ఏ మెయిల్ ఎప్పుడు నా కంటపడాలో నేను నిర్ణయించే అవకాశం అదొక్కటే ఇచ్చింది. ఇప్పుడు జీమెయిల్‌లో అది ఎక్కడుంది చూపించండి.

చదవని అంకె లేకపోవడమే నాకు నచ్చింది. ఆ అంకె చూసి బెంగ పడటం తప్ప దాంతో ఒరిగేదేముంది?

హెచ్ఆర్_హేమ
అంకె వద్దంటే మాలాంటివాళ్లకి కుదరదండీ. ఒక ఉద్యోగానికి వందల అప్లికేషన్లు వస్తాయి. ఎన్ని చూశాను, ఎన్ని మిగిలాయి అని తెలియాలి. ఆఫీసు మెయిల్‌కి ఇన్‌బాక్స్ పనికిరాదని నేను అప్పుడే వదిలేశాను. ఇంటి మెయిల్‌కి మాత్రం ఉంచుకున్నాను.

తిరగమోత
హేమ గారు చెప్పిన తేడా సరైనది. ఇంటి వ్యవహారాలకి అది పుట్టినట్టే ఉండేది. మా అత్తయ్య గారి పోపుల డబ్బాలో ఏది ఏ గిన్నెలో ఉందో చీకట్లో కూడా చెయ్యి పోతుంది, నా మెయిల్ అలా ఉండేది.

నాకు లోటు రిమైండర్లు. మెయిల్స్ మధ్యలోనే నా పని నేను రాసుకునేదాన్ని. "గ్యాస్ బుక్ చేయాలి", "చిన్నాడి టీకా", "పాలవాడి లెక్క". అవి మెయిల్ వచ్చినట్టే అదే వరసలో కూర్చునేవి. వాటినీ వాయిదా వేయొచ్చు, అయిపోతే టిక్ కొట్టొచ్చు. పైగా చోటును బట్టి వాయిదా వేసే సౌకర్యం ఉండేది. "సూపర్ మార్కెట్‌కి వెళ్లినప్పుడు గుర్తుచెయ్" అంటే అక్కడికి వెళ్లాక మోగేది. ఇప్పుడు జీమెయిల్ స్నూజ్‌లో తేదీ, టైము తప్ప చోటు లేదు.

కాకి గారూ, స్నూజ్ వచ్చిందన్నారు కదా, సగమే వచ్చింది!

కోడ్_కాకి
సరే తిరగమోత గారూ, అది నిజమే. చోటు లేదు. కానీ గూగుల్ పనుల జాబితా టాస్క్స్ ఉంది కదా, మెయిల్ మీద "యాడ్ టు టాస్క్స్" నొక్కితే కుడి పక్క వస్తుంది.

తిరగమోత
కుడి పక్క వస్తుంది, అదే గొడవ. నేను చూసేది మధ్యలో. రెండు చోట్ల చూడాలంటే ఒక చోట మర్చిపోతాను. అప్పట్లో పెట్టుకున్న రిమైండర్లు తర్వాత గూగుల్ క్యాలెండర్‌లో, గూగుల్ అసిస్టెంట్‌లో కనిపించేవి. 2023లో వాటినీ టాస్క్స్‌లోకి మార్చేశారు. ఇన్నిసార్లు ఇల్లు మారితే సామాను దొరుకుతుందా చెప్పండి.

కువైట్_కడప
మా వైపు నుంచి ఒక మాట. ఇక్కడ సెలవులు శుక్ర, శనివారాలు. ఏ యాప్ చూసినా "వీకెండ్" అంటే శని, ఆదివారాలే. ఇన్‌బాక్స్‌లో మాత్రం 2016లో "ఈ వీకెండ్‌కి వాయిదా" పెట్టినప్పుడు, మీ వీకెండ్ ఏ రోజులో మీరే చెప్పండి అని సెట్టింగ్ ఇచ్చారు. నేను శుక్రవారం పెట్టుకున్నాను. ఊళ్లో పొలం కాగితాలు, బ్యాంకు లోను మెయిల్స్ అన్నీ వారమంతా వాయిదా వేసి శుక్రవారం పొద్దున తాపీగా చూసేవాణ్ని. ఇంటికి డబ్బు పంపాల్సిన లెక్కలు కూడా అప్పుడే.

కువైట్‌లో మా జిల్లా వాళ్లు ఇంతమంది ఉన్నాం. మా వారం వేరే అని ఎక్కడో కూర్చుని ఆలోచించిన మనిషి ఒకడున్నాడంటే నాకు సంతోషమేసింది.

బెజవాడ_బ్రో
మెయిల్స్ అన్నీ అయిపోతే సూర్యుడు, మబ్బులు వచ్చేవి, ఎవరికైనా గుర్తుందా? మా బెజవాడ ఎండల్లో ఆ సూర్యుణ్ని చూసి సంతోషించే మనిషిని నేనొక్కణ్నే అని మా తమ్ముడు ఏడిపించేవాడు 😄

లక్ష్మీ_వైజాగ్
బ్రో 😂 గుర్తులేకపోవడమేంటి! అది కనిపించాలని రాత్రి పడుకునే ముందు మెయిల్స్ అన్నీ తీసేసేదాన్ని.

పాత_డెవలపర్
సాంకేతికం వైపు కొంచెం చెప్తాను, ఎందుకు మూతపడిందో అర్థం కావాలంటే అది కావాలి.

గూగుల్ దాన్ని ఒకేసారి ఆండ్రాయిడ్, ఐఫోన్, వెబ్ మూడింటికీ కట్టింది. అసలు తర్కం జావాలో ఒకసారి రాసి, ఐఫోన్ కోసం జే2ఆబ్జ్‌సీ అనే పనిముట్టుతో ఆబ్జెక్టివ్-సీలోకి, వెబ్ కోసం జీడబ్ల్యూటీ అనే ఇంకో పనిముట్టుతో జావాస్క్రిప్ట్‌లోకి మార్చారు. మూడు చోట్లా కలిపి దాదాపు మూడింట రెండొంతుల కోడ్ ఒకటేనని వాళ్లే చెప్పారు. మెయిల్ వాయిదా, బండిల్, రిమైండర్ నియమాలన్నీ ఆ ఉమ్మడి భాగంలో ఉండేవి. అప్పటికి అది గొప్ప పని. పాత ల్యాప్‌టాప్‌లలో వెబ్ వెర్షన్ బరువుగా అనిపించేది, అదీ నిజమే.

జీమెయిల్ 2004 ఏప్రిల్ 1 నాటిది. దాని కింద ఏళ్ల తరబడి పేరుకున్న కోడ్ వేరు. ఒక బటన్ తేవడం తేలిక, స్నూజ్ అలాగే వచ్చింది. బండిల్ అంటే జాబితా కట్టే తీరే మారాలి. వరసలో ఒక మెయిల్ ఉండాల్సిన చోట ఒక కట్ట ఉంటుంది, దాని కాలక్రమం వేరు, టిక్ కొడితే జరిగేది వేరు. అందుకే విడిభాగాలు వచ్చాయి, ప్రాణం రాలేదు. ఇది నా అంచనా, గూగుల్ అధికారికంగా చెప్పింది మాత్రం ఒక్కటే. 2018 సెప్టెంబరులో ప్రకటించినప్పుడు, ఇకపై జీమెయిల్ మీదే దృష్టి పెడతాం అన్నారు.

ఇంకోటి. స్నూజ్‌ని జనానికి పరిచయం చేసింది ఇన్‌బాక్స్ కాదు. అంతకుముందు మెయిల్‌బాక్స్ అనే యాప్ ఉండేది, 2013లో డ్రాప్‌బాక్స్ కొన్నది. ఒక పక్కకి జరిపితే అయిపోయింది, ఇంకో పక్కకి జరిపితే తర్వాత. దాన్నీ 2016 ఫిబ్రవరిలో మూసేశారు. మంచి మెయిల్ యాప్ తీసినవాళ్లకీ, దాన్ని ప్రేమించినవాళ్లకీ అదే జరుగుతోంది.

నిజాంపేట_నివాసి
డెవలపర్ గారి విశ్లేషణ బాగుంది కానీ కోడ్ కారణమని నేననుకోను. డబ్బు కారణం. ఇన్‌బాక్స్‌లో నాకెప్పుడూ ప్రకటనలు కనిపించలేదు. జీమెయిల్‌లో ప్రమోషన్స్ ట్యాబ్ తెరిస్తే పైనే ప్రకటనలు. ఒక కంపెనీ రెండు దుకాణాలు నడుపుతూ ఒకదాంట్లో రాబడి, ఇంకోదాంట్లో ఖర్చు అయితే ఏది మూసేస్తుంది?

పాత_డెవలపర్
అదీ ఉండొచ్చు. కానీ నివాసి గారూ, అదే రోజు, 2019 ఏప్రిల్ 2నే, గూగుల్ ప్లస్ అనే వాళ్ల సోషల్ నెట్‌వర్క్ కూడా మామూలు వాడుకదారులకి మూసేశారు. ప్రకటనల లెక్క ఒక్కటే చూసి ఉంటారని నాకనిపించదు. ప్రయోగంగా మొదలైనదాన్ని ప్రయోగంగానే ముగించే అలవాటు అక్కడ ఉంది. ఇన్‌బాక్స్ ప్రకటన మొదట సుందర్ పిచాయ్ పేరుతోనే వచ్చింది. ఇది మెయిల్‌కి రాబోయే రోజుల రూపం అన్నట్టుగా పరిచయం చేశారు. నమ్మి అలవాట్లు మార్చుకున్నవాళ్లకి నాలుగున్నరేళ్లకే వీడ్కోలు చెప్పారు. నాకు కోపం ఆ విషయంలో.

చినుకు_వర్షం
నేను అప్పుడు ఇంటర్ చదువుతున్నా, ఇన్‌బాక్స్ చూడనే లేదు. స్మార్ట్ రిప్లై కూడా అందులోంచే వచ్చిందా? ఇప్పుడు మెయిల్ కింద రెడీమేడ్ జవాబులు వస్తాయి, అవేనా?

పాత_డెవలపర్
అవే చినుకూ. 2015 నవంబరులో ఇన్‌బాక్స్ ఫోన్ యాప్‌లో మొదట పెట్టారు. మూడు చిన్న జవాబులు చూపించేది. మొబైల్ ఇన్‌బాక్స్ నుంచి వెళ్లే జవాబుల్లో 10 శాతం దాని సాయంతోనే వెళ్తున్నాయని 2016లో వాళ్ల పరిశోధనా పత్రంలో రాశారు. జీమెయిల్‌కి 2017లో వచ్చింది.

తయారీ దశలో ఒక ఇబ్బంది ఎదురైందట. ఏ మెయిల్ ఇచ్చినా "ఐ లవ్ యూ" అని జవాబు సూచించేదట! మనుషులు ఎక్కువగా రాసుకునే మాట కాబట్టి యంత్రం అదే సురక్షితం అనుకుంది. తర్వాత సరిదిద్దారు.

బెజవాడ_బ్రో
మా మేనేజరుకి లీవ్ మెయిల్ పెడితే ఆయన ఫోన్‌లో ఆ సూచన వచ్చి ఉంటే నాకు ప్రమోషన్ వచ్చేది 😄

హెచ్ఆర్_హేమ
బ్రో, ప్రమోషన్ సంగతేమో కానీ మా డిపార్టుమెంటుకి ఒక కంప్లయింటు వచ్చేది 🙂

డల్లాస్_దేశి
మళ్లీ గోదారిగట్టు గారి రెండో ప్రశ్నకి వద్దాం. ఇప్పుడు దేనితో నెట్టుకొస్తున్నారు?

నేను చూసినవి చెప్తాను. షార్ట్‌వేవ్ అని ఒకటుంది, 2022లో బయటికొచ్చింది. గూగుల్‌లో పనిచేసి బయటికొచ్చినవాళ్లు ఇన్‌బాక్స్‌ని మనసులో పెట్టుకుని తీసింది. బండిల్స్, పిన్, వాయిదా అన్నీ ఉన్నాయి, జీమెయిల్ ఖాతా మీదే నడుస్తుంది. దగ్గరగా వచ్చింది అదే. స్పార్క్ ఇంకోటి, ఇన్‌బాక్స్ మూతపడిన రోజే ఆండ్రాయిడ్‌కి వచ్చింది. హే అనేది 2020లో వచ్చింది, ఏడాదికి 99 డాలర్లు, కొత్త మెయిల్ అడ్రసు తీసుకోవాలి. నేను ఇరవై ఏళ్లుగా వాడుతున్న అడ్రసు మార్చలేను కాబట్టి దాని జోలికి పోలేదు.

రూపం మాత్రమే కావాలంటే సింప్లిఫై అని బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్ ఉంది. ఇన్‌బాక్స్‌ని మొదలుపెట్టినవాళ్లలో ఒకరైన మైఖేల్ లెగెట్ తయారుచేశారు. ఆయన అంతకుముందు జీమెయిల్ డిజైన్‌కి నాయకుడు. 2019 ఏప్రిల్‌లోనే ఇచ్చారు. జీమెయిల్ పేజీలో అడ్డొచ్చేవన్నీ తీసేస్తుంది.

నిజాంపేట_నివాసి
దేశీ గారూ, బయటి యాప్‌కి మెయిల్ మొత్తం చదివే అనుమతి ఇస్తున్నారని గుర్తుందా? ఆధార్ స్కాన్లు, పాన్ కార్డు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, పిల్లల సర్టిఫికెట్లు, మన జీవితం అంతా అందులోనే ఉంది. పాస్‌వర్డ్ మర్చిపోతే కొత్తది పెట్టుకునే లింకు వచ్చేదీ అక్కడికే. ఒక సౌకర్యం కోసం తాళంచెవి ఇంకొకరికి ఇవ్వడం నాకు ఇష్టంలేదు.

డల్లాస్_దేశి
న్యాయమైన మాట. నేను ప్రయాణాలకీ షాపింగుకీ ఒక అడ్రసు, బ్యాంకులకి ఇంకోటి పెట్టుకున్నాను. షార్ట్‌వేవ్‌కి మొదటిదే ఇచ్చాను. ఇచ్చినవాళ్లు ఎవరైనా గూగుల్ ఖాతా సెక్యూరిటీ పేజీలో ఏ యాప్‌లకి అనుమతి ఉందో అప్పుడప్పుడు చూసుకోండి. వాడనివి అక్కడే తీసేయొచ్చు.

కోడ్_కాకి
బయటి యాప్ వద్దనుకునేవాళ్లకి జీమెయిల్‌లోనే ఎంతవరకు చేయొచ్చో నేను చెప్తాను. మొదట్లో ఇంకేం కావాలి అని అడిగాను కానీ, లక్ష్మి గారూ తిరగమోత గారూ చెప్పాక మీకు కావలసింది అర్థమైంది.

పాత బండిల్స్ వెనక చేసిన వర్గీకరణ పూర్తిగా పోలేదు. జీమెయిల్ సెర్చ్‌లో ఇంగ్లిషులో కేటగిరీ అని రాసి, కోలన్ పెట్టి, ఖాళీ వదలకుండా పర్చేజెస్ అని కొట్టండి. కొనుగోళ్ల మెయిల్స్ వస్తాయి. అలాగే రిజర్వేషన్స్ అని కొడితే టికెట్లు, హోటళ్లు వస్తాయి. ఈ రెండూ చాలామందికి తెలియదు.

తర్వాత, కంప్యూటర్‌లో సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఇన్‌బాక్స్ రకం "మల్టిపుల్ ఇన్‌బాక్సెస్" పెట్టండి. ఐదు విభాగాలదాకా ఇస్తుంది. ఒక్కో దానికి ఒక్కో సెర్చ్ రాయొచ్చు. పైన చెప్పిన రెండూ రెండు విభాగాలు, నక్షత్రం పెట్టినవి ఇంకో విభాగం. కట్టలాగా విచ్చుకోదు, టిక్ కొడితే పోదు, కానీ ఒకే పేజీలో అన్నీ కనిపిస్తాయి. ఫోన్ యాప్‌లో ఇది రాదు, అదొక్కటే లోటు.

ఫోన్‌లో అయితే స్వైప్ సెట్టింగ్స్‌లో ఒక పక్కకి ఆర్కైవ్, ఇంకో పక్కకి స్నూజ్ పెట్టుకోండి. ఇన్‌బాక్స్‌లో "డన్" అన్నది నిజానికి ఆర్కైవే, పేరు మార్చారు అంతే.

లక్ష్మీ_వైజాగ్
పేరు మార్చడం "అంతే" కాదండీ. ఆర్కైవ్ అంటే దాచడం, డన్ అంటే పని పూర్తవడం. మా అమ్మకి ఇన్‌బాక్స్ నేర్పిస్తే వెంటనే పట్టుకుంది, "అయిపోయిందా? టిక్ కొట్టు" అని. ఆర్కైవ్ అంటే ఇప్పటికీ భయపడుతుంది, మెయిల్ ఎక్కడికో పోతుందని.

మల్టిపుల్ ఇన్‌బాక్సెస్ ఇప్పుడే పెట్టి చూశాను. పర్చేజెస్ నిజంగానే వచ్చింది! థాంక్యూ కాకి గారూ. కానీ నేను ఫోన్‌లోనే ఎక్కువ చూస్తాను, అక్కడ ఏం చేయాలి?

చినుకు_వర్షం
లక్ష్మి గారూ, 2025 సెప్టెంబరులో జీమెయిల్‌లో పర్చేజెస్ అని విడిగా ఇచ్చారు. ఫోన్‌లో ఎడమ పక్క మెనూలో ఉంటుంది. రావలసిన పార్సిళ్లు ఒకచోట చూపిస్తుంది. మీ ఫోన్‌లో కనిపిస్తోందేమో చూడండి. దానికంటే ముందు ఆ జులైలో "మేనేజ్ సబ్‌స్క్రిప్షన్స్" కూడా ఇచ్చారు. ఏయే సంస్థలు ఎక్కువ మెయిల్స్ పంపుతున్నాయో జాబితా వస్తుంది, అక్కడే ఒక్క నొక్కుతో ఆపేయొచ్చు.

గోదారిగట్టు
చినుకు చెప్పినవి చూశాను. సబ్‌స్క్రిప్షన్ల జాబితా బాగా పనికొచ్చింది, చొక్కాల ఆఫర్లు ఆగాయి. పర్చేజెస్ మాత్రం మెనూలో మళ్లీ విడి గదే. నేను మొదటినుంచీ అంటున్నది అదే. 2014లో ఒకే వరసలో పెట్టి చూపించారు, ఇన్నేళ్ల తర్వాత పక్కగదిలో పెట్టి కొత్తది అంటున్నారు. మెయిల్, నా పని, నా ప్రయాణం, మూడూ ఒకేచోట ఉండి, అయినదాన్ని అయినట్టు తీసేయగలగడం కావాలి నాకు. అందులో ఏ ఒక్కటి విడిగా ఇచ్చినా ఆ ఫలితం రాదు.

కువైట్_కడప
గోదారిగట్టు అన్నా, కరెక్ట్. విడివిడిగా అన్నీ ఉన్నాయి, కలిపి ఎక్కడా లేదు.

నాకొక సందేహం. అప్పట్లో నేను పిన్ పెట్టిన మెయిల్స్ చాలా ఉండేవి, పొలం రిజిస్ట్రేషన్ కాగితాలు కూడా. ఇన్‌బాక్స్ పోయాక అవి ఎక్కడికి పోయాయి?

కోడ్_కాకి
మెయిల్స్ ఎక్కడికీ పోలేదు బ్రదర్, ఎప్పుడూ జీమెయిల్‌లోనే ఉన్నాయి. సెర్చ్‌లో ఇంగ్లిషులో లేబుల్ అని రాసి, కోలన్, ఆ వెంటనే పిన్‌డ్ అని కొట్టి చూడండి. మూసేటప్పుడు గూగుల్ ఇచ్చిన సూచనల్లోనే ఉంది ఇది. వచ్చినవన్నీ ఎంచుకుని నక్షత్రం పెట్టేయండి, అప్పుడు మల్టిపుల్ ఇన్‌బాక్సెస్‌లో నక్షత్రాల విభాగంలోకి వస్తాయి.

కువైట్_కడప
వచ్చాయి అన్నా!! రిజిస్ట్రేషన్ కాపీ దొరికింది. ఊళ్లో మా తమ్ముడు దీనికోసమే సతాయిస్తున్నాడు. ఇప్పుడే పంపిస్తున్నా.

తిరగమోత
నాకూ ఒకటి చెప్పండి కాకి గారూ. స్కూలు మెయిల్స్‌కి ఒక లేబుల్ పెట్టి ఫిల్టర్ రాశాను. కొత్తగా వచ్చేవే పడుతున్నాయి, పాతవి అలాగే చెల్లాచెదురుగా ఉన్నాయి.

కోడ్_కాకి
ఫిల్టర్ చేసే ఆఖరి పెట్టెలో కింద, సరిపోలే పాత మెయిల్స్‌కి కూడా వర్తించు అని ఒక గడి ఉంటుంది, దానికి టిక్ పెట్టి మళ్లీ సేవ్ చేయండి. "స్కిప్ ఇన్‌బాక్స్" అనే గడికి మాత్రం టిక్ పెట్టకండి, పెడితే స్కూలు సర్క్యులర్లు మీ కంటపడకుండా నేరుగా లేబుల్‌లోకి పోతాయి.

తిరగమోత
పెట్టాను. అన్నీ ఒకచోటికి వచ్చాయి. ఫీజు రసీదులు కూడా దొరికాయి, రేపు స్కూల్లో అడుగుతున్నారు.